సైకిల్ దారులు, వీధి రూపకల్పన: హైదరాబాద్‌లో నిర్ణయం ఎవరిది? తరచుగా అడిగే ప్రశ్నలు

కాలనీ సంఘాల సమావేశాల్లోనూ, ఆదివారం ఉదయం సైకిల్ బృందాలు టీ తాగడానికి ఆగిన చోటా కొన్నేళ్లుగా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసి ఉంచడం మేలనిపించి ఈ పేజీ తయారుచేశాను. ప్రశ్నలను పని జరిగే దశల వారీగా అమర్చాను. ప్రతి జవాబూ దానంతటదే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదటి దశ: ఈ రోడ్డు ఎవరిది?

మా ఇంటి ముందు రోడ్డు గురించి ఎవరిని అడిగినా "మాది కాదు" అంటున్నారు. అసలు ఎవరిది?

హైదరాబాద్‌లో చాలా వీధులు చట్టప్రకారం నగరపాలక సంస్థకు చెందినవే. అయితే ఒకే ప్రయాణంలో మనం నలుగురైదుగురు యజమానుల రోడ్లు దాటిపోతుంటాం. కూకట్‌పల్లి మీదుగా వెళ్లే ముంబై రహదారి, ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ వైపు సాగే విజయవాడ రహదారి రెండూ 65వ జాతీయ రహదారిలో భాగాలు. అవుటర్ రింగ్ రోడ్డు, దాని సర్వీసు రోడ్లు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) వ్యవస్థ కిందకు వస్తాయి. మాదాపూర్, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల్లోని పారిశ్రామిక లేఅవుట్లను టీజీఐఐసీ (తెలంగాణ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ) చూస్తుంది. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో బోర్డు నిర్ణయాలు రక్షణ మంత్రిత్వ శాఖ పరిధిలో ఉంటాయి. కొత్త లేఅవుట్లలోనైతే బిల్డర్ గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా రోడ్డును స్థానిక సంస్థకు అప్పగించాడా లేదా అన్నది ముందు చూడాలి.

నోటిమాటగా తిరగడం కంటే రాతపూర్వకంగా అడగడమే దగ్గరి దారి. సమాచార హక్కు చట్టం కింద "ఫలానా కూడలి నుంచి ఫలానా కూడలి వరకు ఉన్న రోడ్డు నిర్వహణ ఏ కార్యాలయానిది?" అని అడగండి. దరఖాస్తు తప్పు కార్యాలయానికి చేరినా, సెక్షన్ 6(3) ప్రకారం వారు దాన్ని 5 రోజుల్లో సరైన కార్యాలయానికి బదిలీ చేయాలి. "మాది కాదు" అన్న జవాబుతో చేతులు దులుపుకొనే వీలు చట్టంలో లేదు.

ఒక జాగ్రత్త అవసరం. 2025 చివరి నుంచి నగర పాలన సరిహద్దులు పెద్ద ఎత్తున మారాయి. చుట్టుపక్కల మున్సిపాలిటీలు విలీనమయ్యాయి, వార్డులను తిరిగి విభజించారు. మీ వీధి ఇప్పుడు ఏ వార్డు, ఏ సర్కిల్ కిందకు వస్తుందో నిర్ధారించుకున్నాకే అర్జీ రాయండి. పాత వార్డు పేరుతో వెళ్లిన కాగితం బల్లల మధ్య తిరుగుతూనే ఉండిపోతుంది.

రాజ్యాంగం ప్రకారం వీధులు స్థానిక సంస్థలవే కదా? మరి ఇంతమంది పెత్తనం ఏమిటి?

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దానితో చేరిన పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలు ఉన్నాయి. వాటిలో పట్టణ ప్రణాళిక మొదటిది, రోడ్లు, వంతెనలు నాలుగోది. కాని 243డబ్ల్యూ అధికరణం ఈ అధికారాలను నేరుగా స్థానిక సంస్థల చేతిలో పెట్టలేదు. రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా అప్పగించవచ్చు అని మాత్రమే చెప్పింది. ఆ ఒక్క మాటలోనే చిక్కంతా ఉంది. అందువల్ల ఫ్లైఓవర్ కావాలా, కూడలిని విస్తరించాలా అన్న పెద్ద నిర్ణయాలు రాష్ట్ర స్థాయిలో జరుగుతాయి, గుంత పూడ్చే పని స్థానిక ఇంజనీరుకు మిగులుతుంది. సైకిల్ దారి ఈ రెంటికీ మధ్యలో పడుతుంది. పెద్ద ప్రాజెక్టుల వారికి అది మరీ చిన్న విషయం, వార్డు ఇంజనీరుకు తన చేతికి మించిన విషయం. ఇన్నేళ్లుగా అది ఎవరికీ సొంతం కాకపోవడానికి ప్రధాన కారణం ఇదేనని నా అభిప్రాయం.

మా కార్పొరేటర్ సరేనన్నారు. ఇంక పని అయిపోయినట్టేనా?

కాలేదు. కార్పొరేటర్ మాట ముఖ్యమైనదే, కాని అది ఉత్తర్వు కాదు. పని అంచనా వార్డు స్థాయి ఇంజనీరు దగ్గర తయారై, సర్కిల్, జోన్ స్థాయి ఇంజనీర్ల మీదుగా వెళ్లి, పరిపాలనా అనుమతి, సాంకేతిక మంజూరు పొందిన తరువాతే టెండరుకు వెళుతుంది. ఖర్చు ఒక పరిమితి దాటితే కార్పొరేటర్లతో కూడిన స్టాండింగ్ కమిటీ ఆమోదం కావాలి. ఎన్నికైన పాలకమండలి లేని కాలంలో ఆ అధికారాలు ప్రత్యేకాధికారి చేతిలో ఉంటాయి. కార్పొరేటర్ సిఫారసు లేఖ ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి. పదవిలో మనుషులు మారినా ఆ లేఖ ఫైలులో నిలిచి ఉంటుంది.

ట్రాఫిక్ పోలీసులు రాత్రికి రాత్రి డివైడర్ మూసేసి యూటర్న్ పెట్టారు. వారికి ఆ అధికారం ఉందా?

వాహనాల రాకపోకలను క్రమబద్ధీకరించే అధికారం, తాత్కాలికంగా దారి మళ్లించే అధికారం పోలీసులకు ఉన్నాయి. శాశ్వత నిర్మాణం మాత్రం రోడ్డు యజమాని చేయాల్సిన పని. ఆచరణలో ఈ రెంటి మధ్య గీత చెరిగిపోయింది. ప్లాస్టిక్ బారికేడ్లతో ప్రయోగంగా మొదలైన యూటర్న్ కొన్నాళ్లకు కాంక్రీటు రూపం తీసుకుంటుంది, దానికి డ్రాయింగ్ కూడా ఉండదు. కారుకు అర కిలోమీటరు చుట్టు ఒక నిమిషం పని. సైకిల్ మీద వెళ్లేవారు ఆ యూటర్న్ కోసం వేగంగా వచ్చే వాహనాల మధ్య నుంచి రోడ్డు కుడి అంచుకు చేరాలి, తిరిగాక మళ్లీ ఎడమ అంచుకు రావాలి. అందుకని ప్రయోగ దశలోనే ట్రాఫిక్ ఏసీపీకి, కార్పొరేషన్ ఇంజనీరుకు ఒకే లేఖ రెండు ప్రతులుగా ఇచ్చి, డివైడర్‌లో పాదచారులకు, సైకిళ్లకు సరిపడా సందు వదలమని కోరండి. బారికేడ్లు ఉన్నంత కాలం ఇది సాధ్యమే. కాంక్రీటు పోశాక ఆ సందు తెరిపించడానికి ఏళ్లు పడుతుంది.

## రెండో దశ: అడగడం

"ఇక్కడ సైకిల్ తొక్కేదెవరండీ?" అని ఇంజనీరు నవ్వేశారు. ఏం చెప్పాలి?

మాటలతో వాదించకండి, లెక్క చూపించండి. ఆఫీసు వేళకు, అంటే ఉదయం 10 గంటలకు చూసేవారికి సైకిళ్లు కనబడవు. తెల్లవారుజామున 5 నుంచి 7 గంటల మధ్య ఖాజాగూడ నుంచి నానక్‌రామ్‌గూడ వైపు ఒక్కసారి నిలబడి చూడండి. రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్, హ్యాండిల్‌కు మూడు గిన్నెల క్యారియర్ తగిలించుకున్న తాపీమేస్త్రీ, ముందు బుట్టలోనూ వెనుక క్యారేజీ మీదా పేపర్ల కట్టలు పెట్టుకున్న కుర్రవాడు, అపార్టుమెంట్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు కనిపిస్తారు. వీళ్లలో హెల్మెట్ ఉన్నవారు అరుదు, వెనుక లైటున్నవారు ఇంకా అరుదు. ఒక పెద్దాయన తన సైకిల్ వెనుక మడ్‌గార్డుకు పాత సీడీ ఒకటి తీగతో కట్టుకున్నారు. కార్ల హెడ్‌లైట్ పడితే మెరుస్తుందని చెప్పారు. ఆయన రక్షణ ఏర్పాటు అంతవరకే.

ఈ లెక్కను వరుసగా మూడు రోజులు, ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తీయండి. పావుగంటకొకసారి గీతలు గీసి, పురుషులు, స్త్రీలు, పిల్లలను విడివిడిగా రాయండి. ఏ ఫోను యాప్ కంటే ఆ కాగితానికే కార్యాలయంలో విలువ ఎక్కువ. నగరంలో సైకిల్ మాట ఎత్తితే ఖరీదైన సైకిళ్ల మీద వ్యాయామం చేసేవారే అందరికీ గుర్తొస్తారు. బతుకుతెరువుకు సైకిల్ తొక్కేవారు ఏ సమావేశానికీ రాలేరు కాబట్టి వారి సంఖ్యను మనమే తీసుకెళ్లాలి.

అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ ట్రాక్ ఉంది కదా? మళ్లీ నగరంలో ఎందుకు అంటున్నారు.

2023 అక్టోబరు 1న ప్రారంభమైన ఆ ట్రాక్ పొడవు 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వరకు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు 14.5 కిలోమీటర్లు. వెడల్పు 4.5 మీటర్లు. పైకప్పుగా ఉన్న సౌర ఫలకల సామర్థ్యం 16 మెగావాట్లు. అది మంచి నిర్మాణం, ఎండలోనూ వానలోనూ తొక్కవచ్చు, నేనూ అక్కడ తొక్కాను. కాని టోలిచౌకి నుంచి గచ్చిబౌలికి పనికి వెళ్లే మనిషికి అది దారిలో తగలదు. చాలామంది తమ సైకిల్‌ను కారు వెనుక కట్టుకుని అక్కడికి వెళతారు. నగరం లోపల అడుగుతున్నది ఇల్లు, బడి, బస్టాపు, మెట్రో స్టేషను, పని స్థలం కలిపే దారి. ఒకటి ఉంది కనుక రెండోది అక్కర్లేదనడం, పార్కులో నడక దారి ఉంది కనుక వీధిలో ఫుట్‌పాత్ వద్దనడం లాంటిది.

అర్జీ ఎప్పుడు ఇవ్వాలి? అందులో ఏం రాయాలి?

రోడ్డు మీద కొత్త తారు పడబోతున్నప్పుడు, లేదా వరద కాలువ, మురుగు లైను పనులు అంచనా దశలో ఉన్నప్పుడు ఇవ్వాలి. ఎలాగూ తవ్వి మళ్లీ వేసే రోడ్డులో సైకిల్ దారికి అయ్యే అదనపు ఖర్చు తక్కువ. విడిగా అడిగితే అదే పని పెద్ద ప్రాజెక్టులా కనబడి పక్కకు పోతుంది.

అర్జీ ఒకటిన్నర పేజీ దాటకూడదు. రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, మీరు కొలిచిన వెడల్పు ఎంతో, సైకిళ్ల లెక్క ఎంతో, ఆ దారిలో ఉన్న బడులు, బస్టాపులు ఏవో రాసి, చివర ఒకే ఒక్క కోరిక పెట్టండి. పది కోరికలు పెడితే వాటిలో అన్నిటికంటే తేలికైన స్పీడ్ బ్రేకర్ ఒక్కటి వేసి ఫైలు మూసేస్తారు. సోమవారం కార్యాలయంలో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రశీదు తీసుకోండి. 040-21111111 నంబరుకు చేసే ఫిర్యాదు గుంతలకు, మూతలేని మ్యాన్‌హోళ్లకు పనికొస్తుంది, రోడ్డు రూపం మార్చే పనికి పనికిరాదు.

టెండరు కూడా పిలిచేశారు. ఆలస్యమైపోయిందా?

పూర్తిగా కాలేదు. కర్బు (ఫుట్‌పాత్ అంచు రాయి) స్థానం, గ్రేటింగుల (నీటి కాలువ మీది ఇనుప జాలీల) రకం, గీతల కొలతలు, బొలార్డుల (కార్లు రాకుండా పాతే పొట్టి స్తంభాల) దూరం వంటివి పని మధ్యలో కూడా మారతాయి. రోడ్డు మొత్తం వెడల్పును కొత్తగా పంచడం మాత్రం ఆ దశలో కుదరదు.

## మూడో దశ: డిజైన్

మా రోడ్డు ఇరుకు. ట్రాక్‌కు చోటెక్కడిది?

టేపు పట్టి కొలవకుండా ఈ మాట అనకండి, ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సైకిల్ ట్రాకుల కోసం ఐఆర్‌సీ 11, పాదచారుల సౌకర్యాల కోసం ఐఆర్‌సీ 103 అనే ప్రమాణాలను ప్రచురించింది. ఒకే దిశలో సాగే ట్రాక్‌కు 2 మీటర్లు, రెండు దిశలకు 3 మీటర్లు, ఫుట్‌పాత్ మీద అడ్డులేని నడకకు కనీసం 1.8 మీటర్లు కావాలి. 80 అడుగుల రోడ్డు, అంటే సుమారు 24 మీటర్ల రోడ్డు తీసుకోండి. రెండు వైపులా 2.4 మీటర్ల ఫుట్‌పాత్‌లకు 4.8, సైకిల్ ట్రాకులకు 4, ట్రాకుకూ వాహనాలకూ మధ్య అడ్డుకట్టలకు 1, డివైడర్‌కు 1.2 మీటర్లు పోగా 13 మీటర్లు మిగులుతాయి. అంటే 3.25 మీటర్ల వాహన వరుసలు నాలుగు. వాహనాలకు ఒక్క వరుస కూడా తగ్గలేదు. తగ్గినదల్లా రోడ్డు పక్కన ఉచితంగా నిలిపిన కార్ల చోటు.

40 అడుగుల కాలనీ వీధిలో ప్రత్యేక ట్రాక్ అవసరం లేదు. అక్కడ వేగం తగ్గిస్తే చాలు. ఎత్తుగా కట్టిన క్రాసింగ్, మలుపు దగ్గర బయటికి జరిపిన కర్బు, అడ్డదారిగా దూసుకొచ్చే కార్లు రాకుండా ఒక చివర పెట్టే బొలార్డులు ఆ పని చేస్తాయి.

రోడ్డు అంచున రంగు పూసి సైకిల్ బొమ్మ వేస్తే సరిపోదా?

సరిపోదు. రంగు పూసిన అంచు మొదటి వారంలోనే పార్కింగుగా, రెండో వారంలో ఎదురు దిశలో వచ్చే బైకులకు దారిగా మారుతుంది. రంగుకు ఒకే ఒక్క ఉపయోగం ఉంది. ప్రయోగ దశలో ఏ వెడల్పు పనికొస్తుందో, ఎక్కడ అడ్డు తగులుతుందో చూడటానికి అది చవకైన పద్ధతి. 2020లో కేంద్ర పట్టణ మంత్రిత్వ శాఖ నగరాల మధ్య సైకిళ్ల సవాలు పోటీ పెట్టినప్పుడు దేశంలో చాలాచోట్ల ఇలాంటి తాత్కాలిక దారులు వచ్చాయి. శాశ్వతంగా నిలవాలంటే ఎత్తులో తేడా గాని, కాంక్రీటు అడ్డుకట్ట గాని ఉండాలి. బొలార్డుల మధ్య దూరం సైకిల్ పట్టేలా, కారు పట్టకుండా ఉండాలి. చక్రాల కుర్చీ కూడా ఆ సందులోంచి వెళ్లాలని మరచిపోవద్దు.

ఫ్రీ లెఫ్ట్ తీసేయమంటే అందరూ మా మీద విరుచుకుపడుతున్నారు. అది అంత ప్రమాదమా?

ప్రమాదమే. మన కూడళ్లన్నిటిలో సైకిల్‌కు, పాదచారికి అన్నిటికంటే కష్టమైన చోటు అదేనని నేను నమ్ముతున్నాను. దాని తీరు ఇలా ఉంటుంది. ఎడమకు తిరిగే వాహనాలు సిగ్నల్ దగ్గర ఆగకుండా పోవాలని మూలను కోసి, పెద్ద వంపు ఇచ్చి, మధ్యలో ఒక త్రికోణపు దిమ్మె కడతారు. వంపు ఎంత పెద్దదైతే వాహనం అంత వేగంగా తిరుగుతుంది. నేరుగా వెళ్లాల్సిన సైకిల్ రోడ్డుకు ఎడమ అంచున ఉంటుంది. దాని వెనుక నుంచి వచ్చే కారు సరిగ్గా సైకిల్ దారిని కోసుకుంటూ ఎడమకు తిరుగుతుంది. డ్రైవరు తల కుడివైపు, అంటే అడ్డంగా వచ్చే వాహనాల వైపు తిరిగి ఉంటుంది. అతడు చూడని వైపే సైకిల్ ఉంటుంది. అన్ని దిక్కులా ఎర్రదీపం పడినా ఈ ఒక్క ప్రవాహం ఆగదు కాబట్టి, రోడ్డు దాటడానికి ముసలివారికి ఏ క్షణంలోనూ పూర్తి విరామం దొరకదు.

పూర్తిగా తీసేయమని అడిగితే ఎవరూ ఒప్పుకోకపోవచ్చు. మధ్యే మార్గాలు మూడున్నాయి. వంపును చిన్నది చేసి వేగం తగ్గించవచ్చు, దిమ్మెకూ ఫుట్‌పాత్‌కూ మధ్య దారిని ఎత్తుగా కట్టి జీబ్రా గీతలు వేయవచ్చు, రద్దీ తక్కువగా ఉన్న కూడళ్లలో ఎడమ మలుపును కూడా సిగ్నల్ కిందకు తేవచ్చు. వీటిలో రెండోదానికి అన్నిటికంటే తొందరగా అనుమతి వస్తుంది, ఎందుకంటే అది వాహనాలను ఆపదు, నెమ్మదింపజేస్తుంది.

బస్టాపు దగ్గర ట్రాక్ ఏమవుతుంది?

ట్రాక్ బస్టాపు వెనుక నుంచి వెళ్లాలి. ముందు నుంచి వెళితే బస్సు ఆగిన ప్రతిసారీ దిగేవారు సైకిళ్ల మీద పడతారు. వెనుక చోటు లేనప్పుడు అంతమేర ట్రాక్‌ను ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి, సైకిళ్లు నెమ్మదించేలా గరుకు రాళ్లు వేయాలి.

తోపుడు బండ్లవాళ్లను ఖాళీ చేయించి ట్రాక్ వేస్తామంటున్నారు. మాకు ఇష్టం లేదు.

మీ అభ్యంతరానికి చట్టబలం ఉంది. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం సర్వే చేయకుండా, ధ్రువపత్రాలు ఇవ్వకుండా విక్రేతలను తొలగించకూడదు. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు విక్రేతలు తమలో తాము ఎన్నుకున్నవారై ఉండాలి. డిజైన్ పరంగా కూడా వారిని తొలగించడం తెలివైన పని కాదు. మిర్చి బజ్జీల బండి, టీ కొట్టు, పూలమ్మే ఆమె ఉన్న వీధిలో రాత్రి 10 గంటలకు ఆడవాళ్లు ధైర్యంగా సైకిల్ తొక్కగలరు. చెట్లు, దీపస్తంభాలు ఉండే వరుసలోనే బండ్లకు గళ్లు గీసి కేటాయిస్తే ట్రాక్ ఖాళీగా ఉంటుంది, వ్యాపారమూ సాగుతుంది. గళ్లు గీయకపోతే బండి కొనుగోలుదారు ఆగే చోటికి, అంటే ట్రాక్ మీదికే వస్తుంది.

పార్కింగ్ పోతే వ్యాపారం పోతుందని దుకాణదారులు అంటున్నారు. వారితో ఎలా మాట్లాడాలి?

వారి భయాన్ని కొట్టిపారేయకండి. ఒక శనివారం సాయంత్రం వారితో కలిసి దుకాణాల ముందు నిలబడి, ఆగిన కార్లలో ఎన్ని కొనడానికి వచ్చినవారివో, ఎన్ని పొద్దుటి నుంచీ కదలనివో లెక్కించండి. కదలని కార్లలో కొన్ని ఆ దుకాణాల సిబ్బందివే అయి ఉంటాయి. సరుకు దించే వాహనాలకు ఉదయం వేళ కేటాయించమని వారి తరఫున మీరే అడగండి. చెన్నై పాండీ బజార్‌లో 2019లో నడకకు పెద్దపీట వేస్తూ వీధిని మార్చారు. మన చార్మినార్ చుట్టూ వాహనాలను ఆపినా లాడ్ బజార్ గాజుల దుకాణాలు జనంతో కళకళలాడుతూనే ఉన్నాయి.

## నాలుగో దశ: పనులు జరుగుతున్నప్పుడు

పని మొదలైంది. మేము సైటు దగ్గర ఏం చూడాలి?

అన్నిటికంటే ముందు వరద నీటి గ్రేటింగుల కడ్డీలు ఏ దిశలో ఉన్నాయో చూడండి. కడ్డీలు రోడ్డు పొడవునా ఉంటే సైకిల్ సన్నటి చక్రం రెండు కడ్డీల మధ్య సందులో దిగిపోతుంది. నాకు ఇది అనుభవంలోకి వచ్చింది. ఒక వర్షాకాలపు సాయంత్రం రోడ్డు అంచున నిలిచిన అంగుళం నీటి కింద గ్రేటింగు కనబడలేదు. ముందు చక్రం దిగి బిగుసుకుపోయింది, నేను హ్యాండిల్ మీదుగా ముందుకు పడ్డాను. ఎడమ మణికట్టుకు ఆరు వారాలు కట్టు కట్టారు. తరువాత ఎండలో వెళ్లి చూస్తే ఆ వీధిలో వరుసగా తొమ్మిది గ్రేటింగులు అలాగే ఉన్నాయి. వాటిని తీసి 90 డిగ్రీలు తిప్పి పెడితే సరిపోయేది, అయితే చట్రం చతురస్రంగా ఉంటేనే తిరుగుతుంది. దీర్ఘచతురస్రపు చట్రమైతే కొత్తది చేయించాలి. అందుకే ఫౌండ్రీకి ఆర్డరు వెళ్లకముందే అడగమంటున్నాను.

తరువాత మ్యాన్‌హోల్ మూతలు చూడండి. కొత్త తారు పొర పడ్డాక మూతను కూడా ఆ మేరకు ఎత్తాలి. అది రోడ్డు కాంట్రాక్టరు పనా, జలమండలి (నగర నీటి, మురుగు బోర్డు) పనా అని తేలేలోపు మూత చుట్టూ అరచేయి లోతు గుంత మిగిలిపోతుంది. సర్వీసు రోడ్డు, గేటు, సందు ట్రాక్‌ను దాటే ప్రతిచోటా ట్రాక్ ఎత్తు అలాగే కొనసాగి, కార్లే ఎక్కి దిగేలా ఉండాలి. ప్రతి గేటు దగ్గరా దిగి ఎక్కాల్సిన ట్రాక్‌ను రెండు రోజుల్లో అందరూ వదిలేసి రోడ్డు మీదికి వస్తారు. విద్యుత్ స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ట్రాక్ మధ్యలో మిగిలిపోతే వాటిని మార్చే ఖర్చు అంచనాలో ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే అవి అక్కడే ఉంటాయి.

డ్రాయింగ్ చూపించమంటే కాంట్రాక్టరు మనుషులు "మా దగ్గర లేదు" అంటున్నారు.

వారిని అడగడం వల్ల ప్రయోజనం లేదు, వారితో గొడవపడటం వల్ల అసలే లేదు. ఎండలో పనిచేస్తున్న కూలీలకు డ్రాయింగ్ మార్చే అధికారం ఉండదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) పౌరుడికి పనిని, పత్రాలను తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు ఇచ్చింది. 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేసి, ఆమోదించిన డ్రాయింగ్, అంచనా, కొలతల పుస్తకం మూడింటినీ పరిశీలించడానికి తేదీ అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు చేయాలి.

## ఐదో దశ: ట్రాక్ వచ్చాక

ట్రాక్ నిండా కార్లు పెట్టేస్తున్నారు. ఎవరికి చెప్పాలి?

ట్రాఫిక్ పోలీసులకు చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 122 ప్రకారం అడ్డంగా, ప్రమాదకరంగా వాహనం వదిలేయడం నేరం, సెక్షన్ 127 కింద దాన్ని లాగించవచ్చు. 2022 అక్టోబరులో నగర పోలీసులు ఆపరేషన్ రోప్ పేరుతో అడ్డదిడ్డమైన పార్కింగ్ మీద ప్రత్యేక చర్య మొదలుపెట్టినప్పుడు కొన్ని రోడ్లు తేడా తెలిసేంతగా ఖాళీ అయ్యాయి. కాని రోజూ ఫొటో తీసి పంపే ఓపిక ఎవరికీ ఎల్లకాలం ఉండదు. రెండు నెలల ఫొటోలను తేదీలతో ఒకచోట చేర్చి, అదే చోట బొలార్డులు కావాలని ఇంజనీరును అడగండి.

బ్యాటరీ సైకిళ్లు ట్రాక్ మీద వెళ్లవచ్చా?

మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి బరువు పరిమితి దాటని బ్యాటరీ సైకిల్ చట్టం దృష్టిలో మోటారు వాహనం కాదు, కనుక వెళ్లవచ్చు. స్కూటర్లు, బైకులు వెళ్లకూడదు. వీల్‌చైర్లను ఎవరూ ఆపవద్దు.

జలమండలి వాళ్లు పైపు కోసం ట్రాక్ తవ్వి, మట్టి కప్పి వెళ్లిపోయారు.

తవ్వడానికి ముందు రోడ్డు కటింగ్ అనుమతి తీసుకోవాలి, అందులో పునరుద్ధరణ రుసుము కూడా కట్టాలి. అనుమతి సంఖ్య అడిగి, దాన్ని రాసి కార్పొరేషన్ ఇంజనీరుకు ఫిర్యాదు చేయండి. ట్రాక్‌కు వేసిన పొరనే తిరిగి వేయాలని స్పష్టంగా రాయండి, లేకపోతే సిమెంటు అతుకు వేసి ముగిస్తారు.

ట్రాక్ లోపం వల్ల మనిషి చనిపోయాడు. బాధ్యత ఎవరిది?

మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 198ఏ ప్రకారం, రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం గాని, వైకల్యం గాని సంభవిస్తే బాధ్యత గల అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. పోలీసు ఫిర్యాదులో ఈ సెక్షన్‌ను పేర్కొనమని కుటుంబానికి చెప్పండి. సాధారణంగా గుర్తు తెలియని వాహనం మీద కేసు రాసి ఊరుకుంటారు. ప్రమాదం జరిగిన రోజే గుంతను, గ్రేటింగును స్కేలు పెట్టి ఫొటో తీయండి, ఎందుకంటే మరునాటికి అది పూడుకుపోయి ఉండవచ్చు. దుఃఖంలో ఉన్న కుటుంబం ఈ పని చేయలేదు, ఇరుగుపొరుగే చేయాలి.

## ఆరో దశ: వివాదాలు

రోడ్డు వెడల్పు కోసం ఉన్న ట్రాక్ తీసేస్తామంటున్నారు. ఆపగలమా?

ఆపగలిగిన సందర్భాలు ఉంటాయి, హామీ మాత్రం లేదు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ వాడుకునే హక్కు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. అదే కేసులో 2025 అక్టోబరులో, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 138(1ఏ), 210డీ కింద పాదచారులు, మోటారు లేని వాహనాలకు సంబంధించిన నియమాలను, రోడ్ల డిజైన్ ప్రమాణాలను ఆరు నెలల్లో రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది. మీ లేఖలో ఈ ఆదేశాలను ప్రస్తావించి, తొలగింపునకు ఆధారమైన ట్రాఫిక్ అధ్యయనం ప్రతిని అడగండి. అధ్యయనమే లేకపోతే ఆ సంగతిని రాతపూర్వకంగా తీసుకోండి. హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే అన్నిటికంటే బలమైన కాగితం అదే అవుతుంది.

ఇలాంటి విషయాలు పైనున్న ప్రభుత్వమే తేల్చడం మంచిది కదా? వార్డుకో తీరుగా ఉంటే గందరగోళం కాదా?

ప్రమాణాలు అంతటా ఒకటే ఉండాలి, ఏ వీధిలో ఏది కావాలన్న నిర్ణయం దగ్గరివారి చేతిలో ఉండాలి. ఈ రెంటినీ కలిపేయడం వల్లనే గందరగోళం వస్తోంది. కెనడాలోని ఓంటారియో రాష్ట్రం 2024 నవంబరులో ఒక చట్టం చేసి, వాహన వరుస తగ్గించే సైకిల్ దారులకు నగరాలు రాష్ట్ర అనుమతి తీసుకోవాలని, టొరంటోలోని బ్లూర్, యంగ్, యూనివర్సిటీ వీధుల్లో ఉన్న దారులను తొలగించవచ్చని చెప్పింది. 2025 జూలైలో అక్కడి న్యాయస్థానం ఆ తొలగింపు సైకిలిస్టుల ప్రాణ భద్రతకు భంగకరమని, రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. రాష్ట్రం అప్పీలుకు వెళ్లింది. అక్కడ నగరం వేసిన దారిని రాష్ట్రం తీయబోయింది. మన దగ్గర నగరానికి వేసే అధికారమే సగం చేతికొచ్చి ఆగిపోయింది. చెన్నై కార్పొరేషన్ 2014లోనే మోటారు రహిత రవాణా విధానాన్ని ఆమోదించి, రవాణా బడ్జెట్‌లో 60 శాతం నడకకు, సైకిల్‌కు కేటాయించాలని రాసుకుంది. పుణే 2017లో సమగ్ర సైకిల్ ప్రణాళిక తెచ్చుకుంది. ఆచరణలో లోపాలున్నా, అక్కడి పౌరుడు "మీరు ఆమోదించిన విధానం ఇదిగో" అని చూపించగలడు. మనకు కావలసింది కూడా పాలకమండలి తీర్మానంగా ఆమోదం పొందిన అటువంటి విధానమే.

వార్డు కమిటీలో ఈ విషయం పెట్టవచ్చా?

పెట్టవచ్చు, పెట్టాలి. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణ సంస్థల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం చెబుతోంది. సమావేశం తేదీ రాతపూర్వకంగా అడగండి. సమావేశానికి రోడ్డు నక్షా పెద్ద కాగితం మీద ముద్రించి తీసుకెళ్లండి. బల్ల మీద పరిచి పెన్సిలు చేతికిస్తే, అప్పటివరకు మాట్లాడని వాచ్‌మన్, బడి పిల్లల తల్లి కూడా తాము రోజూ ఎక్కడ రోడ్డు దాటుతున్నారో గీసి చూపిస్తారు. ఆ గీతల ఫొటోను సమావేశపు మినిట్స్‌కు జతచేయించి, సంతకాలున్న ప్రతిని అదే రోజు తీసుకోండి.